మూడు రోజుల మోతాదు

చేపల తొట్టిలో రోజూ వోడ్కా పోస్తారని సిద్ధిరాములు చెబితే హయత్‌నగర్ బస్ డిపో ఎదురుగా ఉన్న టీ హోటల్లో ఒక్కరూ నమ్మలేదు. చెప్పేవాడే వేసుకొచ్చాడేమోనని దగ్గరికొచ్చి వాసన చూసినవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. సముద్రం మొహం ఎన్నడూ చూడని మనిషి, పోచంపల్లి పక్క పల్లెలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాడు, చైతన్యపురిలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో సముద్రాన్ని సాకుతున్నానంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

సాకుతున్న మాట మాత్రం నిజం. నేత పడిపోయి, రంగుల కుండలు అటక ఎక్కాక, భార్య లలితమ్మను వెంటబెట్టుకుని పట్నం వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రంగుచేపల దుకాణంలో అద్దాలు తుడిచాడు. తరువాత సొంతంగా ఒక మోపెడ్, రెండు బకెట్లు, ఒక రబ్బరు గొట్టం సంపాదించుకుని, నాగోల్ దాకా ఇరవై తొట్లు ఒప్పుకున్నాడు. పళ్ల డాక్టర్ల దగ్గర, స్వీటు షాపుల్లో, కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ల హాళ్లలో ఉండే తొట్లు అవి. వాటిలో చేప చచ్చిపోతే ఎవరూ ఏడవరు, సాయంత్రానికి ప్లాస్టిక్ కవర్లో ఇంకొకటి వచ్చేస్తుంది.

వేదవతి మేడం ఇంట్లో తొట్టి అలాంటిది కాదు. ఆవిడది బందరు. దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరు సీటు కోచింగ్ ఇచ్చే ఒక కాలేజీలో జువాలజీ చెబుతుంది. భర్త జోగారావు బ్యాంకు ఆఫీసరు. హాల్లో ఒక గోడ పొడుగునా నాలుగు వందల లీటర్ల ఉప్పునీళ్ల తొట్టి పెట్టించింది. అందులో రాళ్ల మీద బతికున్న పగడాలు పూలలా విచ్చుకుని ఊగుతుంటాయి. చేపలు నాలుగే. పసుపుపచ్చటిది ఒకటి, తెల్ల చారల నారింజ జంట, రాళ్ల సందులో దాక్కునే నీలంది ఒకటి. ఆరేళ్లుగా ఆవిడ వాటి పక్కనే కాఫీ తాగుతోంది, వాటి పక్కనే పేపర్లు దిద్దుతోంది.

మొదటిరోజు ఆవిడ "సిద్ధిరాములు గారూ, ఇలా కూర్చోండి" అంటే, గారు ఎవరా అని మనవాడు వెనక్కి తిరిగి చూశాడు. అంతవరకూ అతన్ని గారు అన్నవాళ్లు లేరు. కూర్చోబెట్టి పాఠం చెప్పింది. చేపలు తింటాయి, విసర్జిస్తాయి. ఆ మురికి కుళ్లి నైట్రేటు అవుతుంది, ఫాస్ఫేటు అవుతుంది. అవి ఎక్కువైతే పాచి పెరిగి పగడాలను మింగేస్తుంది. అవి అసలు లేకపోయినా పగడాలు ఆకలికి పాలిపోతాయి. అందుకని ఆ మురికిని తినే కంటికి కనపడని బ్యాక్టీరియాను పెంచాలి. వాటికి మేత కావాలి. వోడ్కా ఆ మేత. రోజుకు నాలుగు మిల్లీలీటర్లు, సూది తీసేసిన సిరంజితో. అవి మురికిని తిని బలుస్తాయి, పక్కనున్న నురగ యంత్రం వాటిని నురగతో పాటు బయటికి లాగేస్తుంది. ఆ నురగ చేరే డబ్బా మూత తీస్తే వచ్చే కంపుకి సిద్ధిరాములుకి పల్లెలోని రంగుల పాక గుర్తొచ్చింది. ఆ రోజు నుంచే తొట్టి అతనికి సొంతమైంది.

బ్యాంకు ఆఫీసరు వైన్ షాపు ముందు నిలబడితే బాగుండదు కాబట్టి సీసా తెచ్చే పని కూడా సిద్ధిరాములు మీదే పడింది. దాంతో ఎదురు ఫ్లాటు కుసుమకుమారి గారికి అతనొక తాగుబోతుగా స్థిరపడిపోయాడు. ఆవిడది తెనాలి వైపు. తలుపు ఓరగా తీసి మెట్ల మీద వచ్చేపోయేవాళ్లను చూడటం ఆవిడకు పూజ తరువాత పని.

అతని గొప్పంతా కళ్లలో ఉంది. నైట్రేటు ఎంత ఉందో చూడాలంటే చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి ఊపాలి. నీళ్లు గులాబి రంగుకు తిరుగుతాయి. ఆ రంగును కార్డు మీది గళ్లతో పోల్చాలి. మామూలు కంటికి అయిదు గళ్లే. చిన్ననాటి నుంచి నూలును ఎర్ర రంగులో ముంచి తీసినవాడికి రెండు గళ్ల మధ్య ఇంకో ఎనిమిది రంగులు కనపడతాయి. "పదికి కొంచెం తక్వ మేడం" అనేవాడు. ఆవిడ అతని మాట విని, అయినా తానూ ఒకసారి కార్డును గొట్టం పక్కన పెట్టి, వెలుతురుకు ఎత్తి చూసుకున్నాకే నోటుబుక్కులో రాసేది. లెక్చరర్ కదా.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బొగ్గు తవ్వేవాళ్లు దిగకపోయేసరికి కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియకుండా పోయింది. కోచింగ్ కాలేజీలూ గేట్లు వేసుకున్నాయి. బందరులో తమ్ముడి గృహప్రవేశం కూడా ఉండటంతో దంపతులిద్దరూ పదిరోజులకని బయలుదేరారు. వేదవతి మేడం నోటుబుక్కులో అన్నీ రాసిచ్చి, తాళంచెవి సిద్ధిరాములు చేతిలో పెట్టింది.

అతను మెట్లు దిగుతుండగా పైనుంచి కుసుమకుమారి గొంతు వినపడింది. "ఈ రోజుల్లో వాళ్ల చేతికి తాళమా వేదవతీ?"

దానికి వేదవతి మేడం ఏం జవాబు చెప్పిందో అతనికి వినపడలేదు. కుసుమకుమారి మాట కంటే ఆ వినపడని జవాబే అతన్ని ఎక్కువగా తినేసింది. ఇంటికొచ్చి లలితమ్మతో చెప్పుకుంటే ఆమె తాళంచెవి వంక చూసి, "గా చేపలకు ఏమన్నయితే నిన్నే అంటరు. ఇచ్చెయ్యరాదయ్యా" అంది. తప్పు చేయకుండానే అతనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగు రోజులు అంతా సవ్యంగా జరిగింది. అయిదో రోజు బంద్, మోపెడ్ తీయనివ్వలేదు. ఆరో రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. కులసంఘం వాళ్లు పిలిచారు. పిలిచారని కాదు, తానే ఇష్టంగా పోయాడు. పెద్ద గంటె పట్టుకుని పప్పు కలిపాడు. సంఘంలో పెద్దదిక్కైన అరుణమ్మ అతని ప్లేట్లో కొసరి కొసరి వడ్డించింది. తింటున్నప్పుడు తొట్టి గుర్తొచ్చింది. అక్కడి నుంచి చైతన్యపురికి నడిస్తే ముప్పావుగంట. పోవచ్చు. కానీ నినాదాలు జోరు మీదున్నాయి, పక్కన అందరూ తనవాళ్లే. రేపు చూసుకోవచ్చులే అనుకున్నాడు. ఆ రేపు పోలీసులు అడ్డుకంచెలు వేసి ఎవరినీ కదలనివ్వలేదు.

ఎనిమిదో రోజు పొద్దున్నే వెళ్లాడు. తలుపు తీసేసరికి తొట్టి నిర్మలంగా ఉంది, చేపలు ఆకలిగా అద్దం దగ్గరికి వచ్చాయి. పోయిన ప్రాణం లేచివచ్చింది. మేత వేసి, సిరంజి చేతిలోకి తీసుకున్నాడు. మూడు రోజుల వోడ్కా తప్పింది. ఇప్పుడేం చేయాలి? నోటుబుక్కులో ఆ సంగతి రాసి లేదు. రాసి లేనప్పుడు మనిషి ఎవరిని అడుగుతాడు? తండ్రినే అడుగుతాడు. అతని తండ్రి తేలియా నూలు తయారు చేసేవాడు. రంగు అంటుకోవడానికి ముందు నూలును పక్షం రోజులకు పైగా నూనెలో, ఆముదపు కాయల బూడిదనీళ్లలో నానబెట్టి పిసకాలి. జ్వరమొచ్చో చావొచ్చో ఒక పూట తప్పితే మర్నాడు రెండు పూటలు చేసి లెక్క సరిచేసేవాడు. లేకపోతే నూలు మీద రంగు ఎగుడుదిగుడుగా పడుతుంది. ఆ లెక్కే మనవాడు సముద్రానికి వేశాడు. నాలుగు సిరంజిలు నింపి, ఒకదాని తరువాత ఒకటి పోశాడు. బాకీ తీరినట్టు హాయిగా ఇంటికి పోయాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకు తలుపు తీసి, బూటు విప్పుతూ అలాగే ఉండిపోయాడు. తొట్టి అవతలి గోడ కనపడటం లేదు. నాలుగు వందల లీటర్ల నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా మారిపోయి ఉన్నాయి. పగడాలు ముడుచుకుపోయాయి. చేపలు నాలుగూ పైకొచ్చి, మూతులు నీటికి ఆనించి, ఆయాసపడుతున్నాయి. రాయి విడిచి ఎన్నడూ బయటికి రాని నీలం చేప కూడా పైనే ఉంది.

పాఠం గుర్తుంది. తిండి ఎక్కువైతే బ్యాక్టీరియా ఒక్కుమ్మడిగా పెరుగుతుంది. అవీ ఊపిరి పీల్చేవే. నీళ్లలో ఉన్న గాలంతా అవి తాగేస్తే చేపలకేం మిగులుతుంది? నురగ డబ్బా పొంగి పొర్లుతోంది. దాన్ని కడిగి పెట్టేలోగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది కానీ దాని బ్యాటరీ ముసలిది. గంటన్నరకు కూత పెట్టి, పంపులు ఆపేసింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో చేపల నోళ్లు నీటి మీద చేస్తున్న చప్పుడు వినపడుతోంది.

వంటింట్లోంచి చెంబు తెచ్చి నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోయడం మొదలుపెట్టాడు. అలా పోస్తే కొంత గాలి కలుస్తుందని అతనికి తెలుసు. చేతులు పని చేస్తున్నాయి, బుర్ర మాత్రం భయంతో పరుగులు తీస్తోంది. ఆంధ్రావాళ్ల ఇంట్లో, తాళంచెవి చేతికిస్తే, తెలంగాణవాడు చేపలకు విషం పెట్టాడు. ఈ మాట కుసుమకుమారి నోట్లో పుట్టి సాయంత్రానికి అపార్టుమెంటంతా తిరుగుతుంది, రేపటికి ఇరవై తొట్లవాళ్లకూ చేరుతుంది. ఆ పైన పోలీసులు. చౌరస్తాలో వీడియోలు తీసుకున్నారు, అందులో గంటెతో తానూ ఉన్నాడు. చేయని నేరానికి ఎంత సాక్ష్యం ఉందో లెక్కవేసుకుంటే అతనికే తన మీద అనుమానం వచ్చింది. తలుపు మూసి వెళ్లిపోయి, కరెంటు పోయింది కాబట్టి చచ్చిపోయాయని చెప్పొచ్చు. ఎవరు కాదంటారు? చెంబు పక్కన పెట్టాడు కూడా. పసుపు చేప పక్కకు ఒరిగి, మళ్లీ నిలదొక్కుకుంది. అది చూసి చెంబు మళ్లీ అందుకున్నాడు. ఎడమచేత్తో ఫోన్ తీశాడు.

నీళ్లు తెల్లబడ్డాయని, చేపలు పైకొచ్చాయని, కరెంటు లేదని వేదవతి మేడానికి చెప్పాడు. వోడ్కా సంగతి నోట్లోంచి రాలేదు. ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "సిద్ధిరాములు గారూ, ఆ గొడవల వాళ్లెవరైనా ఇంట్లోకి వచ్చారా? ఏమైనా కలిపారా? భయపడకుండా చెప్పండి. మీ మీదకు రానివ్వను."

మెట్ల మీద వినపడని జవాబు ఇన్నాళ్లకు వినపడ్డట్టయింది. కానీ ఆ మాటలో ఒక తలుపూ తెరుచుకుని ఉంది. అవునంటే చాలు. ఎవరో వచ్చారు, బెదిరించారు, పోశారు. ఆవిడ నమ్ముతుంది, కుసుమకుమారి ఇంకా గట్టిగా నమ్ముతుంది, అతని ఇరవై తొట్లు అతనికి ఉంటాయి. నాలుక మీదికి వచ్చేసింది మాట. అయితే ఆ ఎవరో ఎవరు? వాళ్లకు మొహాలు పెట్టాలి కదా. మొహం అనుకోగానే, రోడ్డు మీద వంగి తన ప్లేట్లో పప్పన్నం వడ్డించిన అరుణమ్మ మొహం వచ్చి నిలబడింది.

"ఎవ్వరు రాలే మేడం" అన్నాడు. "నేనే పోసిన. మూడు దినాలు రాలేకపోయిన, గా మూడు దినాలది నిన్న ఒక్కపారే పోసిన."

ఎందుకు రాలేదని ఆవిడ అడగలేదు. తిట్టలేదు. పాఠం చెప్పే గొంతుతో గబగబా చెప్పుకుపోయింది. ఇక మందు వద్దు, మేత వద్దు. బాల్కనీలో నీలం డ్రమ్ములో ఉప్పు కలిపి ఉంచిన నీళ్లున్నాయి, తొట్టిలోంచి ఆరు బకెట్లు తీసి ఇవి ఆరు పోయాలి, ఒక్కసారిగా కాదు, మెల్లగా. అన్నిటికంటే ముందు పంపు తిరగాలి. కుసుమకుమారి వాళ్ల ఇన్వర్టర్ కొత్తది, వైరు లాగమని అడగాలి. నేను ఫోన్ చేసి చెప్పనా అంది ఆవిడ. ఏ కళనున్నాడో, వద్దు నేనే అడుగుతానన్నాడు. ఫోన్ పెట్టేశాక తన నోటిని తానే తిట్టుకున్నాడు.

వెళ్లి ఎదురు తలుపు కొట్టాడు. తలుపు వెంటనే తెరుచుకుంది, ఎప్పుడూ గడియ వేసి ఉంటే కదా. ఆవిడ అతని తడిసిన చొక్కాను, వెనకనున్న తెల్లటి తొట్టిని చూసింది. ఏం కలిపావయ్యా అని అడిగింది. వోడ్కా అని చెప్పాడు. ఆవిడ చూపు ఎలా మారిందో అతనికి తెలుసు, అయినా ఆపలేదు. అది అందులో పోసేదేననీ, పోయవలసిన దానికి నాలుగింతలు పోశాననీ, వైరు ఇవ్వకపోతే అన్నీ చచ్చిపోతాయనీ చెప్పాడు. "తప్పు నాదేనమ్మా. తర్వాత ఏమన్న అనున్రి, ముందుగాల జర కరెంటియ్యిన్రి."

కుసుమకుమారి మంచిదైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. వేదవతికి చెబితే విన్నదా అని పైఅంతస్తుకు వినపడేలా అంది. కానీ వైరు ఇచ్చింది. కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసుకుని, అతను పారిపోకుండా కాపలా కాసింది. ఒక్క చెంబు నీళ్లు ఎత్తి పోయలేదు. అయితే ఇన్వర్టర్ నిలబడాలని తన ఇంట్లో ఫ్యాను, టీవీ కట్టేసుకుని, చీర కొంగుతో విసురుకుంటూ మూడున్నర దాకా ఉక్కలో కూర్చుంది. అదీ చెప్పుకోవాలి.

పంపు తిరిగింది, నురగ యంత్రం మళ్లీ కక్కడం మొదలుపెట్టింది. సిద్ధిరాములు ఒక చేత్తో బకెట్లు మారుస్తూ, ఇంకో చేత్తో చెంబు ఎత్తి పోస్తూ, నూలు చిలపలను ముంచి లేపినట్టు ఆ మధ్యాహ్నమంతా ఒకే ఊపున చేశాడు. భుజాలు పడిపోయాయి. ఆపితే చచ్చిపోతాయన్న భయం ఆపనివ్వలేదు. రెండు గంటలప్పుడు పసుపు చేప వెల్లకిలా తిరిగింది. చేతిలోకి తీసుకుని నీటిధార కింద పట్టుకున్నాడు, దవడ ఒకటి రెండుసార్లు ఆడి ఆగిపోయింది. గుమ్మంలోంచి కుసుమకుమారి చూస్తోందని కూడా మరిచిపోయి ఏడ్చాడు. మిగిలిన మూడూ సాయంత్రానికి మూతులు దించి కిందికి పోయాయి.

రెండు రోజులకు దంపతులు వచ్చారు. జోగారావు నేరుగా స్నానానికి వెళ్లిపోయాడు. నీళ్లు అప్పటికి చాలావరకు తేటపడ్డాయి. పగడాల్లో సగం విచ్చుకున్నాయి. ఒక మూల కొమ్మ మాత్రం ఎముకలా తెల్లబడిపోయింది. పసుపు చేపను గుడ్డలో చుట్టి ఫ్రిజ్ పైఅరలో ఉంచాడు సిద్ధిరాములు, పారేస్తే దాచాడంటారని. వేదవతి మేడం దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, మళ్లీ చుట్టింది. అతను తాళంచెవి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. ఇక పోవచ్చన్న మాట కోసం ఎదురు చూస్తున్నాడు.

ఆవిడ నోటుబుక్కు తెరిచి ఏదో రాసి అతని వైపు తిప్పింది. తప్పిన రోజు తప్పినట్టే, మర్నాడు కలిపి పోయకూడదు అని ఉంది. "ఇది ముందే రాసి ఉండాల్సింది, రాయలేదు" అంది. తొట్టి వైపు చూస్తూ, "ఫోన్‌లో మిమ్మల్ని ఒక మాట అడిగాను. అది అడగకుండా ఉండాల్సింది" అంది.

పర్లేదు మేడం అనేస్తే అయిపోయేది. ఆవిడ తేలికపడేది, తానూ బతికిపోయేవాడు. కానీ దాచుకున్న ఇంకో మాట పది రోజులుగా పోగైన భయమంతటి మీదా కూర్చుని ఉంది, లలితమ్మతో కూడా చెప్పలేదు. చెబితే ఈ ఇంటి గడప మళ్లీ తొక్కనీయరేమో అనిపించింది.

"మీరట్ల అడిగినప్పుడు అవునని చెప్పబుద్ధయింది మేడం" అన్నాడు. "నోటిదాంక ఒచ్చింది."

వేదవతి మేడం అతని వైపు తిరిగి చూసింది. లేచి వెళ్లి పరీక్ష పెట్టె తెచ్చింది. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, చుక్కలు వేసి, ఊపి, మూడు నిమిషాలు గడియారం చూసింది. నీళ్లు లేత గులాబి రంగుకు తిరిగాయి. గొట్టాన్ని అతని చేతికిచ్చి, "ఎంతుంది?" అని అడిగింది.

అతను కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు ఎత్తాడు. "రెండుకు, అయిదుకు నడుమ. రెండు దిక్కే ఉంది" అన్నాడు.

ఆవిడ అంకె రాసుకుంది. కార్డు పెట్టెలోంచి బయటికి తీయనే లేదు.